ప్రళయకావేరి

పులికాటు సరస్సని నేఁడు మనము వ్రాయుచున్న జలాశయమునకుఁ బ్రళయకావేరి యని పూర్వపుఁ బేరు గలదు. కావేరీనదితో దీనికెట్టి సంబంధమును లేదు. పళవేర్కాడను నరవపేరే యెవరో పండితుని చేతఁబడి యిట్లు సంస్కృతవేషము దాల్చెనని మా తలంపు.

ఈ సరస్సునకుఁ దూర్పున శ్రీహరికోటదీవి యడ్డుగోడవలె నున్నది. కాళంగి, ఆరణి మొదలగు నేఱులు మంచినీటిని దెచ్చును. ఇసుకతిన్నెలనడుమ ముఖద్వారముల వెంట నుప్పునీరు వచ్చును. కార్తీకపు వానలకు నీరు చప్పఁబడును. వేసవిలో నేఱులెండును, అలలు ద్వారములయందు నిసుకను మేటవేయును. సముద్రజలమున వేయింట నించుమించు 35 పాళ్లుప్పుండఁగా, ఉత్తరభాగమున నంతకు మించిన యుప్పదన మేర్పడి, తుదకుఁ గొన్ని తావులు తెల్లని పొరతో మెఱయు బయలగును. ఇది యేఁటేఁట జరుగునదే. దీనిలో దోషము లేదు. ఆ పలుచని యుప్పునీటిలోని సూక్ష్మజీవులును నాఁచులునే యెఱ్ఱకాళ్ల పెద్దపక్షుల కాహారము; వాని యెఱుపునకు నవియే కారణము. జనులు వీనిని రాజహంసలనుచున్నారు. తెల్లని మేను, ఎఱ్ఱని ముక్కుకాళ్లు గలవి రాజహంసలని యమరసింహుఁడు చెప్పినాఁడు గనుక మేమును గాదనము. ముక్కుకొన నలుపేల యని మాత్రము మా శిష్యులడుగుచుండెడివారు.

గూడబాతులు నేలపట్టు చెఱువులోని కడపచెట్లపైఁ బిల్లలను బెట్టి, మేఁతకు నీ సరస్సునకు వచ్చును. వాని రెట్టతోఁ గలిసిన చెఱువునీరు పైరులకు బలమని యచ్చటి కాఁపులు వానిని బాధింపనీయరు. 1976లో నచ్చట సంరక్షణకేంద్ర మేర్పడుటకుఁ బూర్వమే యీ మర్యాద యుండెను.

1610లో డచ్చివారు విజయనగరప్రభువగు వేంకటపతిరాయల యనుమతిని బడసి పళవేర్కాట వర్తకము సాగించి, 1613లో గెల్డ్రియా కోట గట్టిరి. అద్దకపు బట్టలు దూరద్వీపముల కెగుమతి యయ్యెడివి. 1825లో నా రేవాంగ్లేయుల పాలయ్యెను. రాజులు మాఱినను జాలరుల కట్టుబాటు మాఱలేదు. దక్షిణభాగమున "పాడు" అను నేర్పాటు చొప్పున, వలలు పన్ను తావులను వంతులవారీగాఁ బంచుకొందురు. మంచి తావొక్కని సొత్తు గానేరదు.

రొయ్య కడలిలోఁ బుట్టి, పిల్లయై సరస్సునఁ బెరిగి, మరల గ్రుడ్లిడుటకుఁ గడలికిఁ బోవును. ద్వారము మూసికొన్న నీ రాకపోకలు నిలిచి, పంచుకొనుటకుఁ జేఁపయే యుండదు. ఉత్తరమున రాయదొరువు ముఖద్వారము పూడుకొనుచున్నది. 1971లో రాకెట్టు ప్రయోగము లారంభమైన శ్రీహరికోటకు సూళ్లూరుపేటనుండి వేసిన బాటయు నీటి నడకకుఁ గొంత యడ్డమైనది. బాట వలదనుట మా యభిప్రాయము గాదు. దాని క్రింది తూములు చాలవనుటయే. మేట తీయింపుఁడని తీరవాసులు పలుమాఱు మొఱపెట్టికొనిరి.

మన సంఘపోషకులలో నధికారులయొద్ద మాట చెల్లుబడి గలవారు పలువురున్నారు. ఈ సంవత్సరము సభ ముగిసిన పిదప వారిలో నిద్దఱు ముగ్గురైనను రాయదొరువు వఱకు వచ్చి యా యిసుకమేటను గన్నులారఁ జూడవలయునని కోరుచున్నాము. త్రోవ చూపుటకు మేము వత్తుము.