దక్షిణ పాలమూరు గ్రామీణ ఉన్నత పాఠశాల: విద్యార్థి సముదాయం – ఉత్తీర్ణత

వ్యాససంగ్రహం:
పండితపోషణకు పేరుపొందిన గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల ప్రాంతం అక్షరాస్యతలో మాత్రం వెనుకబడి ఉంది. ఇక్కడి చిన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఏయే వర్గాల పిల్లలు వస్తున్నారు, ఆ కూర్పు ఎలా ఏర్పడింది, పదవ తరగతి ఉత్తీర్ణత శాతం దానిని ఎంతవరకు చూపగలదు అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నడిగడ్డ, పాలమూరు, విత్తనపత్తి, గురుకులాలు, ఉత్తీర్ణత.

ఉపోద్ఘాతం:
‘విద్వద్గద్వాల’ అన్న పేరు సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను సందర్శించి సత్కారాలు అందుకున్నారు. అదే గద్వాల ప్రాంతం, నేటి జిల్లా హద్దుల ప్రకారం, 2011 జనాభా లెక్కల్లో 50 శాతం అక్షరాస్యతను కూడా అందుకోలేదు. నాగర్‌కర్నూలు సుమారు 54, వనపర్తి సుమారు 56 శాతం వద్ద ఉన్నాయి. తెలంగాణ సగటు 66 శాతం పైచిలుకు. ఈ రెండు విషయాలను మన సాహిత్యచరిత్రలు ఒకేచోట చెప్పవు. ఆస్థానంలో పండితునికి దక్కిన శాలువాకు, ఊరిలో పిల్లవానికి దక్కని పలకకు మధ్య ఉన్న దూరం నుంచే ఇక్కడి ఉన్నత పాఠశాల చరిత్రను మొదలుపెట్టాలి.

సంస్థానాల నుంచి జిల్లా పరిషత్తు వరకు:
నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూ మాధ్యమంలో సాగింది. తుంగభద్రకు ఈవల ఉన్న అలంపురం ప్రాంతం నిజాం ఏలుబడిలోనిది, ఆవల ఉన్న కర్నూలు మద్రాసు రాష్ట్రంలోనిది. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) ఉన్నత పాఠశాల చదువు కర్నూలులో సాగింది. నది దాటి మరో పాలనలోని బడిలో చేరడానికి కుటుంబానికి స్తోమత కావాలి. కూలికి వెళ్లే ఇంటికి అది ఊహకందని మాట. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన జరిగిన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు విద్య ముఖ్యాంశాలలో ఒకటి కావడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడింది. దానిని నెహ్రూ అప్పటి ఈ జిల్లాలోనిదే అయిన షాద్‌నగర్‌లో ప్రారంభించారు. మాధ్యమిక పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. తరువాతి దశాబ్దాల్లో గ్రామాలకు వచ్చిన ‘జడ్పీ హైస్కూలు’ ఊరందరి బడి. ఇతర మార్గం లేనందున భూమి ఉన్నవారి పిల్లలు, లేనివారి పిల్లలు ఒకే గదిలో కూర్చున్నారు. దీనిని ఆదర్శంగా వర్ణించడం నా ఉద్దేశం కాదు. పిల్లలందరికీ ఒకే బడి దిక్కైనప్పుడు, ఆ బడి బాగోగులు ఊరి పెద్దల స్వంత వ్యవహారం కూడా అవుతాయి.

బడిలో మిగిలినవారు:
ఆ స్థితి నేడు లేదు. ఆరో తరగతికి ముందే పిల్లలు పలు వడపోతలకు లోనవుతున్నారు. ఫీజు కట్టగలిగినవారు శిశుతరగతుల నాడే ప్రైవేటు బడి బస్సు ఎక్కుతారు. చదువులో ముందున్న దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లలను ఐదో తరగతి ప్రవేశపరీక్ష ద్వారా గురుకులాలు ఎంచుకుంటాయి. ఆరో తరగతి వద్ద మోడల్ స్కూళ్లు, వట్టెంలోని నవోదయ మరికొందరిని తీసుకుంటాయి. గురుకులాలు ఎందరో పేద పిల్లల జీవితాలను మార్చాయన్నది కాదనలేనిది. అయితే ఎంపిక కాని పిల్లవాని బడిని అవి పలుచన చేశాయన్నదీ నిజమే.

మిగిలేది ఎవరు? నడిగడ్డలో బోయ, మాదిగ కుటుంబాల పిల్లలు, తండాల లంబాడీ పిల్లలు, నల్లమల అంచున చెంచు పిల్లలు. తల్లిదండ్రులు వలస వెళ్లగా అవ్వతాతల దగ్గర ఉండి వచ్చేవారు అనేకులు. గట్టు వంటి కర్ణాటక సరిహద్దు మండలాల్లో కన్నడం, తండాల్లో లంబాడీ ఇంటిభాషలు. 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు – మన బడి’ పథకం ప్రారంభమైంది. తరువాతి విద్యాసంవత్సరంలో 1 నుంచి 8 తరగతుల వరకు ఆంగ్ల మాధ్యమమూ వచ్చింది. ఇంట ఒక భాష, బడిలో తెలుగు, పుస్తకంలో ఆంగ్లం అన్న పరిస్థితిపై తెలుగు శాఖలు చేయవలసిన క్షేత్రపరిశోధన చాలా ఉంది.

పత్తిచేను – బడిగంట:
గద్వాల ప్రాంతం సంకర పత్తివిత్తనాల ఉత్పత్తికి ప్రసిద్ధి. ‘క్రాసింగ్’ అని పిలిచే ఈ పనిలో సాయంత్రం మొగ్గలోని కేసరాలను తీసివేసి, మర్నాడు ఉదయం పుప్పొడి అద్దుతారు. ప్రతి పువ్వునూ చేతితో తాకాలి. రోజూ ఉదయం సరిగ్గా బడివేళకే పని ఉంటుంది. నెలల తరబడి సాగుతుంది. ఈ పనిలో బాలికల సంఖ్య ఎక్కువని, ముందస్తు అప్పులు కుటుంబాలను దీనికి కట్టివేస్తాయని 1990ల చివరి నుంచి అధ్యయనాలు చూపుతూనే ఉన్నాయి.

ఇక్కడ చట్టాల వయోపరిమితి గమనార్హం. 2009 విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ 14 ఏళ్ల లోపువారి పనిని నిషేధించినా, బడివేళల తరువాత కుటుంబానికి సాయపడడాన్ని అనుమతించింది. 14 నిండినవారికి ప్రమాదకరం కాని పనులను వదిలివేసింది. పద్నాలుగేళ్లంటే తొమ్మిదో తరగతి. రెండు చట్టాలూ పిల్లల చేయి వదిలేది పబ్లిక్ పరీక్షకు ఏడాది ముందే.

శాతం వెనుక లెక్క:
రాష్ట్రంలో పదవ తరగతి ఉత్తీర్ణత 2024లో 91.31, 2025లో 92.78 శాతం. చిన్న బడికి ఈ కొలమానాన్ని అన్వయిస్తే ఏమవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. 20 మంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఫలితం 95 శాతం, ముగ్గురు తప్పితే 85. ఒక బాలికకు ఆ వారం జ్వరం వచ్చినా బడి స్థానం మారిపోతుంది. అదే తరగతిలో ఎనిమిదో తరగతి నాటికి 25 మంది ఉండి, ఐదుగురు మధ్యలో మానివేశారనుకుందాం. పందొమ్మిది మంది ఉత్తీర్ణులైతే ప్రకటించే ఫలితం 95. ఆ 25 మందిని లెక్కించితే 76. నామినల్ రోల్‌లో పేరు లేనివారు తప్పినట్లు కాదు కాబట్టి ఏ పట్టికా వారిని చూపదు. బలహీనులను పరీక్షదాకా నిలుపుకొన్న ప్రధానోపాధ్యాయుడే ఈ పద్ధతిలో నష్టపోతాడు.

కనుక ఇటువంటి బడి చరిత్రకు ఫలితాల పట్టిక కంటే ప్రవేశాల రిజిస్టరు మేలైన ఆధారం. కులం, మాతృభాష, తండ్రి వృత్తి, బడి విడిచిన తేదీ అందులో దొరుకుతాయి. దాని పక్కన తొమ్మిదో తరగతి హాజరుపట్టీని పెట్టి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఉన్న పుటల్లో బాలికల పేర్ల ఎదుట పడిన గైర్హాజరు గుర్తులను ముందుగా లెక్కించాలి.