గేరుమీట: చేతి జ్ఞాపకము

కారు నడుపువాని కన్ను బాటమీద నుండవలెను. గేరుమీట సంగతి చేతికే తెలియవలెను. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో హైడ్రామాటిక్ అను ఆటోమేటిక్ గేర్లు వచ్చినవి. వానిలో రివర్సు, ముందుకు మెల్లగా పోవు 'లో' గేరు ప్రక్కప్రక్కనే యుండెను. ఇతర కార్లలో వరుస వేరు. కారు మారినచో చేయి పొరబడెడిది. అందుచే అమెరికా ప్రభుత్వము ముందు వెనుక గేర్ల నడుమ న్యూట్రల్ ఉండితీరవలెనను నిబంధనను 1968 నుండి అమలుపరచెను.

ఎలక్ట్రానిక్ మీటలు వచ్చిన పిమ్మట చిక్కు మరల తలయెత్తినది. కొన్నిటిలో మీట వదలినంతనే యథాస్థానమునకు వచ్చును. కారు పార్కులో పడినదో లేదో చేతికి తెలియదు. దీపము చూచి తెలిసికొనవలెను. పడినదనుకొని పలువురు దిగిరి, కారు కదలిపోయెను. 2016 ఏప్రిల్‌లో ఫియట్ క్రైస్లర్ సంస్థ ఇట్టి కార్లను సుమారు 11 లక్షలు సవరణకై పిలిచెను. సవరణ పూర్తికాకమునుపే, జూన్‌లో, ఆంటన్ యెల్చిన్ అను యువనటుడు లాస్ ఏంజెలెస్‌లో తన యింటి వాలుబాటపై తన జీపే దొర్లివచ్చి నలిపివేయగా మరణించెను. అదియు ఆ జాబితాలోనిదే.

ఒకే పొరపాటు పలువురు చేసినప్పుడు దోషమును మీటలోనే వెదకవలెను. సవరణయు అట్లే జరిగినది: తలుపు తెరచి దిగబోవునప్పుడు కారు తానే పార్కులో పడునట్లు చేసిరి.