మూత ఎక్కడుందమ్మా?

మా అత్తగారిది అడవులదీవి. రేపల్లె దాకా రైలుంది. ఆపైన నిజాంపట్నం వైపు వెళ్ళాలి. సముద్రపు గాలి వంటింటి దాకా వచ్చే ఊరు. 2024 మే నెలలో నేను వెళ్ళేసరికి అరుగు మీద చేటలో వడియాలు ఎండుతున్నాయి. వాటి పక్కనే ఆవిడ సెల్‌ఫోను కూడా ఎండుతోంది!

"అయ్యో, ఇదేమిటత్తయ్యా?"

"చార్జి నిలవటం లేదమ్మాయ్! ట్రాన్సిస్టరు సెల్లు నీరసపడితే ఇలాగే ఎండబెట్టేవాళ్ళం. మళ్ళీ పాడేది" అన్నారావిడ తాపీగా.

నవ్వొచ్చింది గాని, ఫోను చేతిలోకి తీసుకోగానే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. వెనక రేకు ఒక పక్క పైకి లేచింది. లోపల బాటరీ ఉబ్బిందన్నమాట.

"సరే, ఆ పాత సెల్లు తీసేసి కొత్తది వేద్దాం. ఇంతకీ దీనికి మూత ఎక్కడుందమ్మా?" అన్నారు.

మూత లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే రెండు వందల యేళ్ళ వెనక్కి వెళ్ళాలి.

1800లో ఇటలీలో వోల్టా అనే ఆయన వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క - ఇలా వరసగా పేర్చుకుంటూ పోయాడు. మనం అట్లు దొంతర పెట్టినట్టే! అదే మొదటి బాటరీ. 1866లో లెక్లాంషే సీసాలో ద్రావకం పోసి ఇంకో రకం చేశాడు. దాంతో ఒలికిపోయే బాధ. ఇరవై యేళ్ళ తర్వాత జర్మనీలో గాస్నర్ ఆ ద్రావకాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో పెట్టి మూసేశాడు. మన టార్చిలైటు సెల్లుకు తాత అదే.

మా అత్తగారి ఎండ వైద్యాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యకండి. ఆ సెల్లు వాడుతున్న కొద్దీ నడిమి బొగ్గుకడ్డీ దగ్గర హైడ్రోజన్ పేరుకుని కరెంటుకు అడ్డుపడుతుంది. కాస్త విశ్రాంతి, కాస్త వెచ్చదనం దొరికితే ఆ అడ్డు కొంత తొలగుతుంది. మరి నాలుగు పాటలు, నాలుగు వార్తలు!

ఆ నాలుగు వార్తల విలువ ఈ తీరంలో అడగాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి, కృష్ణకు అవతలి ఒడ్డున దివిసీమలో వేలాదిమందిని తీసుకుపోయింది. అప్పట్నించీ మా అత్తగారింట్లో బియ్యం డబ్బాలో రెండు కొత్త సెల్లు ఎప్పుడూ దాచి ఉంచేవారట. పండక్కి చీర లేకపోయినా సరే, డబ్బాలో సెల్లు ఉండాల్సిందే.

తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. వాటికీ మొదట్లో మూతలుండేవి. గోటితో నొక్కితే జారిపోయేవి. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ తన 4 కోట్ల 60 లక్షల బాటరీలలో కొన్ని వేడెక్కవచ్చని ప్రకటించి, ఉచితంగా మార్చి ఇస్తామంది. జనం ఏం చేశారు? ఎవరికి వారే మూత తీసి, బాటరీ మీది నంబరు చూసుకున్నారు.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ యేడే మూత తెరుచుకోని ఐఫోను పుట్టింది. ఫోను సన్నగా ఉంటుంది, నీళ్ళు చొరబడవు - కారణాలు నిజమే. పదేళ్ళు తిరిగేసరికి దాదాపు అన్ని కంపెనీలూ జిగురు పెట్టి మూసేశాయి. ఇంటివాళ్ళ చేతిలో పని కాస్తా బజారు పనైంది.

లోపలున్నది లిథియం బాటరీ. దానికి దారి చూపిన వాళ్ళలో ఒకరైన గుడినఫ్ గారికి 2019లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి 97 యేళ్ళు. ఆయన నిండు నూరేళ్ళు బతికారు గాని, ఆ బాటరీకి అంత ఆయుష్షు లేదు. సుమారు అయిదు వందలసార్లు నిండుగా చార్జి చేసేసరికి సత్తువలో అయిదో వంతు తగ్గిపోవచ్చు. పైగా పాత సెల్లుకు ఎండ మందైతే, దీనికి ఎండే శత్రువు. ఉబ్బిన దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగుకు పెట్టనే కూడదు. అంటుకుంటుంది.

నిజానికి ఈ ఫోను మమ్మల్ని అంతకు ముందే ఏడిపించింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోయిన గంటకల్లా ఆవిడ ఫోను మూగపోయింది. హైదరాబాదులో మేమిద్దరం రాత్రంతా కూర్చున్నాం. మర్నాడు మధ్యాహ్నం పక్కింటివాళ్ళ ఫోనులోంచి "ఇల్లు బాగానే ఉందమ్మాయ్, ఫోనే పోయింది" అని వినిపించేదాకా మావారు మంచినీళ్ళు ముట్టలేదు. తుఫాను వెళ్ళిపోయింది. బాటరీ మార్పించాలన్న మాటా దాంతోపాటే వెళ్ళిపోయింది. తప్పు మాదే!

ఫోను ఆపేసి రేపల్లె తీసుకెళ్ళాం. బాగుచేసే కుర్రాడు వెనక రేకును కాస్త వేడిచేసి జిగురు మెత్తబడనిచ్చాడు. పలచటి ప్లాస్టిక్ బద్దతో నెమ్మదిగా లేపాడు. ముందు బాటరీ తీగ ఊడదీసి, ఆ తర్వాతే బాటరీని కదిలించాడు. ఇనప వస్తువు దాని దరిదాపులకు రానివ్వలేదు. ముప్పావుగంట పని. కొత్త ఫోను ఖరీదులో పదో వంతైనా కాలేదు.

ఈ మూత గొడవ మా అత్తగారిదే కాదు సుమండీ. ఎవరి ఫోను బాటరీ వాళ్ళే మార్చుకునే వీలుండాలని ఐరోపా దేశాలు 2023లో చట్టం చేశాయి. కొన్ని మినహాయింపులతో 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలని గడువు పెట్టాయి. మన కేంద్రప్రభుత్వం కూడా 2022లో రిపేరు హక్కు మీద ఒక సంఘాన్ని వేసింది. వాడేసిన బాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన వాళ్ళదేనని ఆ యేడే నిబంధనలు తెచ్చింది.

"ఆ పాతది ఇలా ఇవ్వు బాబూ" అని చెయ్యి చాపారు మా అత్తగారు, అలవాటుగా. పాత సెల్లు పిల్లలకు ఆటవస్తువు గదా! "వద్దు మామ్మగారూ, దీన్ని చెత్తబుట్టలో కూడా వెయ్యకూడదు" అని ఆ అబ్బాయి ఇసక ఉన్న రేకుడబ్బాలో పెట్టాడు.

బయల్దేరే ముందు, తుఫాను రోజుల్లో పనికొస్తుందని ఆవిడకో పవర్‌బ్యాంకు ఇచ్చాను. నెలకోసారైనా చార్జి చెయ్యమని మరీ మరీ చెప్పాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికీ మూత లేదేమమ్మా!" అని నిట్టూర్చి, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించారు.