నిలకడ వేరు, గురి వేరు: మద్రాసు రేఖాంశం చెప్పే పాఠం

తెలుగులో 'ఖచ్చితం' అన్న మాటను రెండు గుణాలకు వాడుతున్నాం. పదిసార్లు కొలిచినా దాదాపు ఒకే ఫలితం రావటం ఒకటి. ఆ ఫలితం నిజానికి దగ్గరగా ఉండటం మరొకటి. మొదటిదాన్ని నిలకడ అనీ, రెండవదాన్ని గురి అనీ అందాం. సముద్రం మీద ఓడ ఉనికిని ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చే గణాంక పద్ధతికి ఈ తేడాయే పునాది.

లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక ఆధారరేఖను కొలిచాడు. అక్కడి నుంచి త్రిభుజాల వరుస మీదుగా లెక్కగడుతూ సర్వే బెంగళూరు చేరింది. 1804లో వారెన్ బెంగళూరు దగ్గర మరో రేఖను నేలమీద కొలిచి ఆ లెక్కను పరీక్షించాడు. ఏడు మైళ్లు దాటిన ఆ రేఖలో లెక్కకూ కొలతకూ వచ్చిన తేడా నాలుగు అంగుళాల లోపే.

అదే సర్వే మద్రాసు వేధశాల రేఖాంశాన్ని 80 డిగ్రీల 17 కళల 21 వికళలుగా స్వీకరించింది. ఆ కాలంలో రేఖాంశ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారం గురుగ్రహపు చంద్రుల గ్రహణాలు. తంతి ద్వారా దూరప్రాంతాల గడియారాలను పోల్చటం సాధ్యమయ్యాక ఆ విలువ నిలవలేదు. సర్వే పటాల అంచున 80 డిగ్రీల 14 కళల 51 వికళలు అన్న సవరణ చేరింది. తేడా రెండున్నర కళలు. అంటే కాలంలో 10 సెకన్లు, దూరంలో సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. మద్రాసును ఆధారం చేసుకొని గీసిన పటంలో మచిలీపట్నమైనా, కోరంగి అయినా అంతమేరా తూర్పుకు జరిగినట్టే.

అటూ ఇటూ చెదిరే దోషాలు సగటులో తగ్గుతాయి. నూరు పరిశీలనల సగటులో అవి పదో వంతుకు దిగుతాయి. ఒకే వైపు ఒరిగిన దోషం మాత్రం వేయిసార్లు కొలిచినా పోదు. మద్రాసులో గడియారం సరిదిద్దుకొని, మద్రాసు ఆధారంగా గీసిన పటంతోనే ప్రయాణించే నావికుడికి ఆ దోషం కనబడదు, ఎందుకంటే రెండూ కలిసే తప్పాయి. గ్రీనిచ్ కాలాన్ని మోసుకొచ్చిన ఓడకు మాత్రం పటంలోని తీరం ఒకచోట, అసలు తీరం మరోచోట. రాత్రివేళ ఒడ్డుకు చేరువయ్యే ఓడకు నాలుగున్నర కిలోమీటర్లు చిన్న దూరం కాదు.

బెంగళూరు శివారు బ్యాలాలులో 2013లో ఇస్రో నావిగేషన్ కేంద్రం ప్రారంభమైంది. ఆ ఉపగ్రహ వ్యవస్థకు పెట్టుకున్న లక్ష్యం 20 మీటర్ల లోపు ఖచ్చితత్వం. అయినా, స్థానం ముందే తెలిసిన నేలమీది కేంద్రాలతో దాన్ని నిరంతరం సరిచూడవలసిందే. నిలకడను కొలతలే చెబుతాయి. గురిని చెప్పటానికి బయటి సాక్షి కావాలి.