కోర్మీలో ఆ రెండు రోజులు

ఛత్తీస్‌గఢ్‌లోని చకర్‌భాటా స్టేషనులో బిలాస్‌పూర్ వైపు బండెక్కితే మధ్యలో వచ్చేది దాధాపారా ఒక్కటే. ఆ పక్కనే సిర్‌గిట్టీ పారిశ్రామిక వాడ. ఆ సిర్‌గిట్టీ ఠాణా పరిధిలోనే కోర్మీ అనే పల్లె ఉంది. 2021 మే 4 రాత్రి, మర్నాడు కలిపి ఆ ఊళ్ళో ఎనిమిది మంది చనిపోయారని పత్రికలు రాశాయి. దాదాపు అందరూ ఒకే ఇంటివాళ్ళు, వాళ్ళ చుట్టాలు. మరికొందరిని ఆస్పత్రుల్లో చేర్చారు.

వాళ్ళు తాగింది ద్రోసెరా 30 అనే హోమియోపతి మందు. పొడి దగ్గుకు, కోరింత దగ్గుకు చుక్కల లెక్కన ఇచ్చేది. ఆ సీసాలో 91 శాతం ఆల్కహాలు ఉందని వైద్యాధికారులు అప్పుడే చెప్పారు. మన దుకాణాల్లో దొరికే విస్కీలో అందులో సగం కూడా ఉండదు. చుక్కలుగా వేసుకోవలసినదాన్ని వాళ్ళు సారాకు బదులుగా తాగారు. ద్రోసెరా నిజానికి చిత్తడి నేలల్లో పెరిగే చిన్న మొక్క. ఆకుల మీద మంచుబొట్లలా మెరిసే జిగురుతో పురుగును రప్పించుకుని, అంటించుకుని, నెమ్మదిగా అరిగించుకుంటుంది. ఆ సీసా మీద ఉన్నది ఆ మొక్క పేరే; మందు తయారయ్యేది దాని నుంచే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నా మనసును వదల్లేదు.

మొదట పోయినవాళ్ళను ఇంట్లోవాళ్ళు అధికారులకు చెప్పకుండానే దహనం చేశారు. కరోనా అని భయపడ్డారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. రెండో అల ఛత్తీస్‌గఢ్‌ను ముంచెత్తిన నెల అది. ఆ రోజుల్లో నిన్న తిరిగిన మనిషి తెల్లారేసరికి పోతే ఏ ఇంట్లోనైనా ముందు నోటికొచ్చే పేరు కరోనాయే. అలా కొందరు పోస్టుమార్టం బల్ల దాకా పోకుండానే బూడిదయ్యారు. వాళ్ళ కడుపులో ఏముందో, ఎంత ఉందో ఇక ఏ కాగితమూ చెప్పదు.

బిలాస్‌పూర్ జిల్లాలో ఏప్రిల్ 14 నుంచి లాక్‌డౌన్. సారా దుకాణాలకు తాళాలు పడ్డాయి. మే 4 నాటికి మూడు వారాలు. ఈ మూడు వారాల గురించే ఎవరూ సరిగా మాట్లాడలేదు. వార్తల్లో వచ్చిందల్లా చివరి సీసా. అంతకు ముందు ఏం జరిగి ఉంటుందో మనకై మనం ఊహించుకోవలసిందే.

రోజూ తాగే ఒంటికి హఠాత్తుగా చుక్క లేకుండా చేస్తే ఏమవుతుందో వైద్యులకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి ఆల్కహాలు మెదడును జోకొడుతూ వస్తుంది. ఆ జోకొట్టుడును తట్టుకుని పనిచేయడానికి మెదడు తన వేగం తానే పెంచుకుంటుంది. ఆల్కహాలు ఆగిన రోజున ఆ వేగానికి పగ్గం ఉండదు. ఆరు గంటలు గడిచేసరికి చేతులు వణకడం మొదలవుతుంది. చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు దాటాక మరికొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎదురుగా ఉన్న భార్యను పోల్చుకోలేరు, జ్వరం పేలిపోతుంది. చికిత్స లేకపోతే ఆ దశలో ప్రాణం పోవచ్చు. చికిత్స మాత్రం ఖరీదైనదేమీ కాదు. క్లోర్‌డయాజిపాక్సైడో, డయాజిపామో డాక్టరు చూసుకుంటూ వారం పది రోజులు ఇచ్చి తగ్గించుకుంటూ పోవాలి. బి1 విటమిన్ ఇవ్వాలి. తీవ్రంగా ఉన్నవాళ్ళను ఆస్పత్రిలో ఉంచాలి. ఏ జిల్లా ఆస్పత్రిలోనైనా ఉండే మందులే ఇవి.

మొదటి వారం గట్టెక్కినవాడి కథ అక్కడితో ముగియదు. వణుకు తగ్గినా ఆరాటం తగ్గదు. పని లేదు, కూలి లేదు, గుమ్మం దాటితే పోలీసు లాఠీ, ఊళ్ళో రోజుకో చావు. ఆ మనిషికి అప్పుడు ఎవరైనా ఒక సీసా చూపించి ఇందులో ఉన్నది అదేనంటే ఏం చేస్తాడు? ఒక్కడే తాగి ఉంటే ఒక్కడే పోయేవాడు. పల్లెల్లో తాగడం నలుగురితో కలిసే. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి కూర్చున్నారు, కలిసే పోయారు. తాగుబోతులు, అంతకంటే ఏం జరుగుతుందిలే అన్నవాళ్ళను అప్పుడు విన్నాను. ఆ మాట ఎంత తేలికగా వస్తుందో అంత తప్పు. తప్పతాగి పోయిన చావులు కావు ఇవి. తాగుడుకు అలవాటు పడ్డ ఒంటిని ఒక్క ఆజ్ఞతో మాన్పించి, ఆ తర్వాత దాని ముఖం చూడకుండా వదిలేస్తే వచ్చిన చావులు.

తెలుగు నేల మీద ఇదే అంతకు తొమ్మిది నెలల ముందు జరిగింది. 2020 జూలై చివరిలో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కేసులు పెరిగాయని మద్యం దుకాణాలు మూసేశారు. గుడి దగ్గర బిచ్చమెత్తుకునేవాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, కూలీలు చేతులకు రాసుకునే శానిటైజరును నీళ్ళలో, కూల్‌డ్రింకులో కలుపుకుని తాగారు. పదిమందికి పైగా పోయారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. వాళ్ళు కురిచేడు వార్తను తెలుగు ఛానెళ్ళలో చూసి అయ్యో అనుకున్నారు. మరుసటి మే నెలలో అది తమ పక్క స్టేషను దగ్గరికే వచ్చింది.

తెలంగాణకు ఇంకా ముందే ఈ పాఠం అందింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు పెంచారు. ఆ కల్లులో ఉన్నది క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రాజోలం. ఏళ్ళుగా దానికి అలవాటైన కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల సంఖ్యలో ఆస్పత్రులకు వచ్చారు. ఫిట్స్, మెడలు వంకర్లు పోవడం, మతి చలించడం. కొందరు ఉరేసుకున్నారు. దాడి చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. దుకాణం మూసే ముందు రోజే ఆస్పత్రిలో మంచాలు వేసి ఉంచాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. 2020 మార్చిలో కేరళలో మద్యం దొరక్క ఆత్మహత్యలు జరిగితే, డాక్టరు చీటీ మీద మద్యం ఇస్తామని ఆ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. సీసాను చీటీ మీద రాయడం వైద్యం కాదని డాక్టర్లే ఎదురుతిరిగారు. హైకోర్టు ఆపేసింది.

మద్యం, కల్లు సంగతి ఇది. హెరాయిన్‌కో, నొప్పి మాత్రలకో, కోడీన్ దగ్గు సిరప్‌కో లొంగినవాళ్ళకు ఆపద మరోవైపు నుంచి వస్తుంది. వాళ్ళకు అత్యంత ప్రమాదకరమైన రోజులు చికిత్స నుంచి బయటికొచ్చిన మొదటి రోజులే. నాలుగు వారాలు కేంద్రంలో ఉంటే ఒళ్ళు పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. మనసు మాత్రం ఆ పాత మోతాదునే గుర్తుపెట్టుకుంటుంది. కొడుకు మారాడని సంబరపడి ఇంటికి తెచ్చుకున్న తల్లి, వారం తిరక్కుండానే వాడి గది తలుపు పగలగొట్టించవలసి వస్తుంది. ఊపిరి తీసుకొమ్మని మెదడు చెప్పడం మానేస్తుంది, అంతే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ళ నుంచి విడుదలైన 30 వేల మందిని గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మోతాదు మించి చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 129 రెట్లు. హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మెథడోన్ చికిత్స మీద 2017లో వచ్చిన మరో పెద్ద పరిశీలన ఇంకో లెక్క చెప్పింది. ఏడాదికి వెయ్యి మందిలో చికిత్సలో ఉన్నంతకాలం 11 మంది పోతే, చికిత్స వదిలాక 36 మంది. అంటే చికిత్స మనిషిని పట్టుకుని ఉన్నంతసేపు బతికిస్తుంది. చెయ్యి వదలడమే దాని బలహీనత. మన ఊళ్ళలో వదలడమే పద్ధతి. నెల రోజుల ప్యాకేజీ, గేటు, మెడలో దండ, ఫోటో. ఆ తర్వాత ఫోను చేసేవాళ్ళు ఉండరు.

ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వేలో మద్యం తాగేవాళ్ళ శాతం అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోనే, 35.6 శాతం. అదే సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో ఉంచి చూసింది 180 మందికి ఒక్కరిని. కోర్మీ ఆ మిగతా 37 మంది ఊరు.

ఆ ఊరి చుట్టూ ఏమున్నాయో చూస్తే గుండె మండుతుంది. రాష్ట్ర హైకోర్టు చకర్‌భాటా పక్కనే బోద్రీలో ఉంది. చకర్‌భాటా విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలైంది ఆ 2021లోనే, మార్చి 1న. ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే కేంద్రం. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం కూడా ఈ జిల్లాలోనే, నగరానికి అవతల రతన్‌పూర్ దారిలో సేంద్రీలో. బస్సుల్లేని లాక్‌డౌన్‌లో, ఆస్పత్రి అంటేనే కరోనా అని హడలిపోతున్న రోజుల్లో, చేతులు వణుకుతున్నాయని ఒక కూలీ కోర్మీ నుంచి సేంద్రీ దాకా వెళ్ళగలడా? వణుకుడు ఒక జబ్బని, దానికి మాత్రలున్నాయని అతనికి ఎవరైనా చెప్పి ఉంటారా?

ఛత్తీస్‌గఢ్‌లో 2017 నుంచి మద్యం అమ్మేది ప్రభుత్వ సంస్థే. అలవాటు చేసిన చెయ్యి, తాళం వేసిన చెయ్యి ఒకటే. కోర్మీ చావుల తర్వాత వారం కూడా కాకుండా, మే 10 నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే మద్యం ఇంటికి పంపే ఏర్పాటు చేశారు. మొదటి రోజే ఆర్డర్ల తాకిడికి యాప్ నిలిచిపోయింది. కోర్మీలో పోయినవాళ్ళకు అప్పటికింకా పదో రోజు కూడా రాలేదు.

ఇంటింటికీ సీసా పంపగలిగినవాళ్ళు మాత్ర పంపలేరా? ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మితానిన్ అనే ఆరోగ్య కార్యకర్త ఉంటుంది. దేశమంతా ఆశా కార్యకర్తలు రాకముందే, 2002లో ఈ రాష్ట్రం మొదలుపెట్టిన ఏర్పాటు అది. తన వాడలో ఎవరు రోజూ తాగుతారో, ఎవరికి తాగకపోతే ఫిట్స్ వస్తాయో ఆమెకు తెలుసు. ఏప్రిల్ 14న దుకాణాలకు తాళం వేసే ముందు ఆమె చేత ఆ పేర్లు రాయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒకసారి చూసి, పది రోజుల మాత్రలు చీటీ రాసి పంపితే, మూడో రోజున ఆమె మళ్ళీ తలుపు తడితే, తర్వాతి వారమూ తడితే సరిపోయేది. ఇప్పుడు మద్యనిషేధం గురించి మాట్లాడే నాయకులను, కల్లు దుకాణాల మీద దాడులకు బయల్దేరే అధికారులను నేను అడిగేది ఇదొక్కటే. తాళం తీసుకెళ్ళే బండిలో ముందు ఆ డాక్టరును ఎక్కించండి.