ముఖనాడి, పెరోటిడ్ కణితి: ఒక శస్త్రచికిత్సా పద్ధతి చరిత్ర

లాలాజల గ్రంథుల కణితులు అత్యధికంగా పుట్టేది చెవి ముందున్న పెరోటిడ్ గ్రంథిలోనే. గవదబిళ్ళల్లో వాచేదీ అదే. వాటిలో అధికభాగం క్యాన్సర్ కానివి. అయినా ఆ గ్రంథి మధ్యగా సాగే ముఖనాడి శస్త్రవైద్యులను చాలాకాలం భయపెట్టింది. అది తెగితే కన్ను మూతపడదు, మూతి వంకరపోతుంది. అందుచేత ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో పొరను చీల్చి కణితిని మాత్రమే ఒలిచి తీసేవారు. ప్లియోమార్ఫిక్ అడినోమా ఏళ్ల తర్వాత అనేక బుడిపెలుగా తిరిగి మొలిచేది. రెండవసారి కోసినప్పుడు నాడికి ముప్పు మరింత పెరిగేది. జాగ్రత్తే ప్రమాదహేతువైందనాలి. 1941లో హామిల్టన్ బెయిలీ గ్రంథిని సంపూర్ణంగా తొలగించే పద్ధతిని చర్చించాడు. 1958లో పేటీ, థాక్రేలు తొలగించిన గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణితి పొర నమ్మదగినది కాదని చూపారు. నాడిని ముందుగా గుర్తించి, దాని శాఖల వెంబడి సాగుతూ, చుట్టూ ఉన్న గ్రంథిభాగంతో సహా కణితిని తీయడం క్రమంగా ప్రామాణికమైంది. క్యాన్సర్ నాడిలోకే చొచ్చిన సందర్భాల్లో మాత్రం నాడిని వదులుకోక తప్పలేదు.