పిల్లల చూపు కొలత: పాలమూరు అధ్యయనం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

నలభై దాటినవారి చూపు మందగింపుకు తెలుగులో ‘చత్వారం’ అనే వాడుక మాట ఉంది. చదువుకునే పిల్లకు నల్లబల్ల ఆనకపోవడానికి మాత్రం ‘హ్రస్వదృష్టి’ అనే పుస్తకాల మాటే దిక్కు. ఇక ‘దృష్టి దోషం’ అంటే ఇంట్లో ముందు గుర్తుకు వచ్చేది ఉప్పూ మిరపకాయలతో తీసే దిష్టి. కళ్ళద్దాలు పెద్దల వస్తువన్న భావన ఎంత బలమైనదో ఈ మాటలే సూచిస్తాయి. పిల్లలకు అద్దాల అవసరాన్ని గుర్తించడంలో ఆ భావన ఎంత అడ్డుపడిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

సినీ కార్మికులు ఎక్కువగా నివసించే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతాలకు కొద్ది దూరంలో, బంజారాహిల్స్‌లో, దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరిట నేత్రవైద్య సంస్థ ఉంది. ఆయన కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు విరాళంగా ఇవ్వగా, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో అది 1987లో పని ప్రారంభించింది. ఆ సంస్థ పరిశోధకులు 2000 ఏప్రిల్ నుంచి 2001 ఫిబ్రవరి వరకు మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాల్లో 7–15 ఏళ్ళ పిల్లల చూపును కొలిచారు. బడికి వచ్చిన పిల్లలతో సరిపెట్టుకోక ఇంటింటి జాబితా వేశారు. అక్షరాలు రాని పిల్లలు సైతం వేలితో దిక్కు చూపగలిగేలా నాలుగు వైపులకు తిరిగిన ‘ఈ’ గుర్తుల పటం వాడారు. మొత్తం 4,074 మందిని పరీక్షించారు.

ఫలితాల్లో మూడు అంకెలు కీలకం. మెరుగైన కంటి చూపు 6/12 లేదా అంతకు తక్కువగా ఉన్న పిల్లలు, అద్దాలు లేకుండా కొలిస్తే 2.7 శాతం, పరీక్షకు వచ్చిన స్థితిలోనే, అంటే అద్దాలున్నవారు వాటితోనే చూసినప్పుడు, 2.6 శాతం, తగిన అద్దాలతో సరిచేస్తే 0.78 శాతం. చివరి అంకె చికిత్సకున్న శక్తిని చెబుతుంది. మొదటి రెండింటి మధ్య తేడా దాదాపు లేకపోవడమే నా దృష్టిలో అసలు చారిత్రక సాక్ష్యం: అద్దాలు కావలసిన పిల్లల్లో అవి పెట్టుకున్నవారు దాదాపు లేరు. అదే పద్ధతిలో న్యూఢిల్లీలో జరిగిన అధ్యయనంలో ఈ అంకెలు వరుసగా 6.4, 4.9, 0.81. నగరంలో దోషమూ ఎక్కువే, అద్దాలు చేరడమూ ఎక్కువే.

తల్లిదండ్రుల అశ్రద్ధ ఒక్కటే దీనికి కారణమనడం అన్యాయం. హ్రస్వదృష్టి గల పిల్ల సూదిలో దారం ఎక్కించగలదు, బియ్యంలో రాళ్ళు ఏరగలదు. ఇంటి పనిలో లోపం కనబడదు. మసకే సహజమనుకున్న పిల్ల ఫిర్యాదు చేయదు. కళ్ళు చికిలించడం, ముందు బల్లకు జరగడం, పక్కవారి పుస్తకం చూసి రాసుకోవడం ఉపాధ్యాయునికి అల్లరిగానో మందబుద్ధిగానో తోచే అవకాశం ఉంది.

2018 ఆగస్టు 15న తెలంగాణలో ‘కంటి వెలుగు’ మొదలైంది. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో ఆరంభమైన పథకం తొలి దశను బడి పిల్లలకే కేటాయించింది. పటం తరగతి గదికి చేరింది. అయితే దీర్ఘదృష్టి గల పిల్ల కంటి కండరాలను బిగించి పటాన్ని సాఫీగా చదివేయగలదు. పాలమూరులో కనుపాప విప్పే చుక్కలు వేసి పరీక్షించింది ఇందుకే. పైగా ఆ అధ్యయనం ఏడేళ్ళ వయసు దగ్గర మొదలైంది. ఒక కన్ను చూపు ఎదగక వెనుకబడే ఆంబ్లియోపియాకు చికిత్స అంతకన్నా ముందే మొదలుకావడం మేలు. బడిలో చేరని ఆ వయసు పిల్లల లెక్క ఈ అంకెల్లో లేదు.